తినని తీపి

ఫిబ్రవరి 6

గ్లూకోజు నీళ్లు తాగించారు. తాగకముందు ఒకసారి, తాగాక రెండుసార్లు రక్తం తీశారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చక్కెరలో చేతులు పెట్టి బతికేదాన్ని, ఆ ఒక్క గ్లాసూ తాగలేక నానా అవస్థా పడ్డాను. వాంతి చేసుకుంటే మళ్లీ మొదటినుంచీ రావాలని ల్యాబు అమ్మాయి బెదిరించింది. కళ్లు మూసుకుని మింగేశాను.

సాయంత్రం ఫోను చేసి చెప్పారు, షుగరు ఉందట. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే రకమట.

ఈ డైరీ మళ్లీ బయటికి తీశాను. పోయినసారి కడుపుతో ఉన్నప్పుడు ఐదో నెలలో ఆగిపోయిన చోటునుంచి నాలుగు కాగితాలు వదిలేసి రాస్తున్నాను. వెనక్కి తిప్పను.

ఫిబ్రవరి 9

క్లినిక్‌కి వెళ్లొచ్చాం. డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. కడుపులో బిడ్డకు తిండి అందించే మాయ కొన్ని రసాలు వదులుతుందట. అవి నా ఒంట్లోని ఇన్సులిన్‌ను సరిగా పని చెయ్యనివ్వవు. చాలామందికి ఒళ్లు ఇంకాస్త ఇన్సులిన్ తయారుచేసుకుని నెట్టుకొస్తుంది. నా ఒంటికి అంత ఓపిక లేదు. "నువ్వు తీపి తిన్నందువల్ల వచ్చింది కాదు" అని రెండుసార్లు అంది. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, ముందుముందు పనికొస్తుంది. నేను తిన్నందువల్ల కాదు.

నాకు షుగరు పెరిగితే అది బిడ్డకూ చేరుతుంది, బిడ్డ మరీ పెద్దదైపోయి కాన్పు కష్టమవుతుంది, పుట్టాక బిడ్డకు షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇంకా ఏదో చెప్పబోయి నా ముఖం చూసి ఆపేసింది.

పోయినసారి జరిగినదానికి కూడా ఇదే కారణమా అని అడిగాను.

"అలా అనుకోవడానికి ఏ ఆధారమూ లేదమ్మా. ఆ ఆలోచన వదిలెయ్."

వదిలేశాను.

తర్వాత సూదుల సిస్టర్ మీటరు ఎలా వాడాలో నేర్పింది. నిజంగా సిస్టరే, సూదులు గుచ్చడమే పనిగా ఉంటుంది కాబట్టి నేను పెట్టుకున్న పేరు. పరగడుపున ఒకసారి, ప్రతి భోజనం తర్వాత రెండు గంటలకు ఒకసారి చూసుకోవాలి. పరగడుపున తొంభై అయిదు దాటకూడదు, తిన్నాక నూట ఇరవై దాటకూడదు. "చేతులు శుభ్రంగా కడుక్కుని, ఆరాక, వేలి పక్కన గుచ్చుకోవాలి" అంది. నాకు నవ్వొచ్చింది. చేతుల శుభ్రం గురించి నాకు పాఠం చెప్పాల్సిన మనిషి ఇంకా పుట్టలేదు. తల ఊపి వచ్చేశాను.

ఫిబ్రవరి 10

పద్దెనిమిదేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు తనిఖీ చేసే మనిషికి సొంతింట్లోకే ఒక మీటరు వచ్చింది. చంటిపిల్లాడికి బొమ్మ దొరికినట్టయింది మా ఆయనకు. ముందు తన వేలు గుచ్చుకుని చూసుకున్నారు. తర్వాత అత్తయ్య వెంటపడ్డారు. అత్తయ్యకు పదేళ్లుగా షుగరు. ఆవిడ వంటింట్లోంచి బాత్రూములోకి పారిపోయి గడియ పెట్టుకుంది.

"నన్నెందుకురా పీడిస్తావ్? నా మీటరు నా నాలుకే!"

"మీటరు అబద్ధం చెప్పదమ్మా. మనుషులే చెప్తారు" అన్నారాయన తలుపు దగ్గర నిలబడి.

చాలా రోజులకు ముగ్గురం నవ్వుకున్నాం.

ఫిబ్రవరి 14

ఇంట్లో పరగడుపున ఎనభై ఎనిమిది. రాత్రి భోజనం తర్వాత నూట పదహారు. బంగారం లాంటి అంకెలు.

నేను కేకులు చేసే దుకాణంలో మాత్రం టిఫిను తర్వాత నూట డెబ్బై ఎనిమిది, మధ్యాహ్నం భోజనం తర్వాత రెండొందల పద్నాలుగు.

తిన్నది రెండు రొట్టెలు, గుడ్డు, ఆకుకూర. డాక్టరమ్మ చెప్పినదాంట్లో ఆవగింజంత కూడా తేడా లేదు.

ఫిబ్రవరి 16

ఒక రొట్టె తగ్గించాను. రెండొందల ఆరు.

ఫిబ్రవరి 18

మధ్యాహ్నం రొట్టెలే మానేశాను. రెండొందల ఇరవై ఒకటి.

ఏది మానేస్తే తగ్గుతుందో ఎవరైనా చెబితే బాగుండు. అదేదో మానేసి పడుంటాను.

ఫిబ్రవరి 19

పెద్ద ఆర్డరొచ్చింది. ఐదంతస్తుల పెళ్లి కేకు, పై నుంచి కింది దాకా తెల్లగులాబీలు జారినట్టుండాలి. ఓనరమ్మ నా బల్ల దగ్గరికొచ్చి, "నువ్వు చేస్తానంటేనే ఒప్పుకుంటా. కాన్పుకు వెళ్లేలోపు చేసి వెళ్లు" అంది. ఒప్పుకున్నాను. ఆలోచించలేదు.

ఈ ఊళ్లో చక్కెరతో పూలు చేసేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. నాలా రేకు లాగేవాళ్లు లేరు. గొప్పకు రాసుకోవడం లేదు. నా డైరీలో నేను వినయం నటించి ఏం లాభం? పొడి చక్కెర, జిగురు, గుడ్డు తెల్లసొన కలిపి ముద్ద చేసి, కాగితంకంటే పల్చగా ఒత్తి, వేళ్లతో అంచు నలిపితే రేకు వంపు తిరుగుతుంది. మా పనికి నీళ్లు శత్రువు. ఒక్క తడివేలు తగిలిందంటే గంటసేపు చేసిన పువ్వు కళ్లముందే మచ్చపడి కరిగిపోతుంది. అందుకే పనిలో కూర్చున్నాక మేం చేతులు కడగం. స్పిరిటు దూదితో తుడుచుకుంటాం, క్షణంలో ఆరిపోతుంది. ఓనరమ్మ ఆ దూది డబ్బాలు అడుగడుగునా పెట్టించింది. చెయ్యి కడుక్కుని వచ్చి బల్ల ముందు కూర్చునేవాళ్లను చూస్తే నాకు పాత రోజుల్లో మా గురువుగారికి వచ్చినంత కోపం వస్తుంది.

గురువుగారు నా వేళ్లమీద గరిటెతో కొట్టేది. వేళ్లు ఇప్పుడు సూదులతో పొడిపించుకుంటున్నాయి. వేళ్ల రాత అంతే.

ఫిబ్రవరి 23

ఇన్సులిన్ మొదలుపెట్టారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, తినబోయే ముందు. పొట్టమీదే గుచ్చుకోవాలంటే చెయ్యి రాలేదు.

"లోపల బిడ్డకు తగుల్తుందేమో సిస్టర్."

"సూది చర్మం కిందే ఆగిపోతుందమ్మా. మందు కూడా బిడ్డదాకా వెళ్లదు. షుగరే వెళ్తుంది. అందుకే ఈ మందు."

సరేనని గుచ్చుకున్నాను. నొప్పి లేదు. ఏడుపు మాత్రం ఆగలేదు. సిస్టర్ అటు తిరిగి ఏదో సర్దుకుంటున్నట్టు నటించింది. మంచి మనిషి.

ఒళ్లు వణికినా, చెమటలు పట్టినా వెంటనే మీటరు చూసుకోవాలట. డెబ్బై కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగెయ్యాలట. నాకు తక్కువ కూడానా అనుకున్నాను.

ఫిబ్రవరి 25

రాత్రి భోజనాల దగ్గర ఆయన, "ఒకటి గమనించావా?" అన్నారు. ఆ గొంతు నాకు తెలుసు. మీటరుకు దొంగతీగ తగిలించిన ఇంటికి వెళ్లినప్పుడు ఆ గొంతుతోనే మాట్లాడతారు.

"ఇంట్లో ఉన్న అంకెలన్నీ బాగున్నాయి. దుకాణంలోవే బాగోలేవు. ఆదివారం దుకాణం లేదు, ఆ రోజంతా బాగుంది."

"అయితే?"

"అయితే ఏముంది? నిప్పు లేనిదే పొగ రాదు కదా."

నేను రొట్టె ముక్క నోట్లో పెట్టుకోబోయి ఆగాను. ఆ రొట్టె కూడా దొంగిలించిందేమో అనిపించింది.

"అక్కడ నేనేం తినడం లేదు."

"నేను తిన్నావన్నానా?"

అనలేదు. నిజమే. అననివన్నీ గుమ్మడికాయ దొంగ కథలా నా భుజాలమీదికే వచ్చాయి. నా భుజాలమీద పొడి చక్కెర ఎప్పుడూ ఉంటుంది మరి.

మార్చి 1

ఆదివారం. ఇవాళ తిన్నాను.

ఎలాగూ తింటున్నాననే కదా అందరి అనుమానం అని, నిన్న మిగిలిన కేకు ముక్క ఒకటి డబ్బాలో తెచ్చుకున్నాను. అంట్లు తోమి, చేతులు తుడుచుకుని, వంటింట్లో నిలబడి తిన్నాను. సగం ముక్కే. రుచి కూడా తెలియలేదు. రెండు గంటలాగి భయపడుతూ గుచ్చుకున్నాను.

నూట ముప్పై ఒకటి.

తిననినాడు రెండొందల ఇరవై, తిన్ననాడు నూట ముప్పై. ఈ ఒళ్లు నాది కాదు, ఎవరో అద్దెకిచ్చారు.

ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పను?

మార్చి 4

అత్తయ్య కుట్టుమిషను దగ్గర కూర్చుని నన్ను పిలిచింది. చిన్న చిన్న గౌన్లు కుడుతోంది. పోయినసారి కుట్టినవి ఏం చేసిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

"అమ్మాయ్, నా దగ్గర దాపరికం ఎందుకు? పాము కాళ్లు పాముకే ఎరుక. పదేళ్లనుంచీ నేను చేస్తున్నది అదేగా. మిషను సొరుగులో బొత్తాల డబ్బా కింద చూడు."

చూశాను. బిస్కట్లు, బెల్లం ముక్కలు.

"వాడికి తెలీదు. నీకూ ఓ మూల చోటిస్తా కావాలంటే. కాకపోతే నువ్వు కడుపుతో ఉన్నావ్, తినకూడదు. ఎంత తింటున్నావో నాకు చెప్పు, ఇద్దరం కలిసి తగ్గించుకుందాం."

ఆవిడ కళ్లనిండా ప్రేమే. అదే నన్ను చంపేసింది. తిట్టినా బాగుండేది.

"నేను తినడం లేదత్తయ్యా."

"నేనూ అలాగే అనేదాన్ని తల్లీ" అంటూ నా తల నిమిరింది.

మార్చి 7

దుకాణంలో రెండొందల నలభై. మందు పెంచాకే.

మధ్యాహ్నం కాస్త వణుకు. ఒళ్లంతా చెమట. గులాబీ అంచు చిరిగింది. చిరాకులో ఉన్నాను, అందుకే అయ్యుంటుంది.

మార్చి 9

అసలు తింటున్నానేమో.

పని చేస్తూ చేస్తూ తెలియకుండా వేలు నోట్లో పెట్టుకుంటున్నానా? మా గురువుగారు పాకం చిక్కదనం నాలుకమీదే చూసేది. నాకా అలవాటు లేదు. లేదనే అనుకుంటున్నాను. ఓవెన్ అన్నయ్యను అడిగాను, పొద్దస్తమానం నా ఎదురుగా నిలబడి కేకులు దించేది అతనే కదా.

"అన్నయ్యా, నేను పనిలో ఏమైనా తింటుంటానా?"

"నువ్వా? నువ్వు నీళ్లు తాగడమే నేను చూళ్లేదు. ఏం, ఆకలేస్తోందా?"

అతను చూడనప్పుడు తింటున్నానేమో.

మార్చి 11

ఒప్పేసుకున్నాను.

ఆయన కేకలేస్తారనుకున్నాను, వెయ్యలేదు. మంచం అంచున నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకున్నారు. వేళ్లన్నీ గుచ్చి గుచ్చి నల్లగా అయ్యాయి. వాటినే చూస్తూ మాట్లాడారు.

"పోయినసారి ఆపరేషను గది బయట బెంచీమీద నేనొక్కడినే కూర్చున్నా. లోపల నీకు మత్తిచ్చారు. నాకు ఎవరూ ఇవ్వలేదు. మళ్లీ ఆ బెంచీమీద కూర్చోవడం నావల్ల కాదు. నిజం చెప్పు. ఏమీ అనను."

నిజమే చెప్పాను, రెండు వారాలుగా చెబుతున్నాను. ఇంకోసారి చెప్పడానికి ఓపిక లేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నా నిజం నాకే మొండితనంలా కనిపించింది.

"తింటున్నాను" అన్నాను.

"ఏం తింటున్నావ్?"

ఇది అడుగుతారనుకోలేదు. "కేకు అంచులు. కోసినప్పుడు మిగిలేవి."

"ఎన్ని?"

"రెండు. ఒక్కోసారి మూడు." చెబుతుంటే నాకే నోరూరింది. "క్రీము కూడా."

ఆయన నిట్టూర్చి నన్ను దగ్గరికి తీసుకున్నారు. ముఖం ఎంత తేటపడిందో! దొంగ దొరికితే ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో దొరికిపోయేదాన్ని. అత్తయ్య గుమ్మంలోంచి, "చేసిన పాపం చెప్పుకుంటే పోతుంది. ఇక తేలికపడతావ్, చూడు" అంది.

తేలికపడ్డాను. నిద్ర కూడా పట్టింది.

మార్చి 13

ఆయనే డాక్టరమ్మకు చెప్పారు. నేను తల వంచుకుని కూర్చున్నాను.

"అందరికీ కష్టమే" అంది డాక్టరమ్మ. ఇకనుంచి మానెయ్యమంది. అంకెలు దిగేదాకా మధ్యాహ్నం మోతాదు ఇంకా పెంచుతానంది. స్కానింగు మాత్రం రెండోసారి చూసింది. "ఇన్ని పెద్ద అంకెలకు బిడ్డ బరువు ఎక్కువుండాలి. మామూలుగానే ఉంది. మంచిదేలే."

ఆ గులాబీల కేకు అయిపోగానే పని మానేస్తానని ఆయనకు మాటిచ్చాను. తినని తిండి ఎలాగూ మానేశాను, ఇక చేసే పని మానెయ్యాలి.

మార్చి 16

మానేశాక కూడా రెండొందల ముప్పై. ఆయన మాట్లాడలేదు.

మార్చి 18

మాట్లాడలేదు.

మార్చి 23

క్లినిక్ మంచంమీద రాస్తున్నాను. సెలైన్ రాసే చేతికి కాకుండా రెండో చేతికి పెట్టమని అడిగి పెట్టించుకున్నాను, రాసుకోవాలని. డైరీ నా సంచిలోనే ఉంది. బిడ్డ కదులుతోంది. ముందు అది రాశాను కాబట్టి ఇక మిగతాది.

మొన్న శనివారం కేకు ఇచ్చెయ్యాల్సిన రోజు. ఆఖరి గులాబీలు. మధ్యాహ్నం మందు పొడుచుకుని డబ్బాలో తెచ్చుకున్నది తిన్నాను. సగమే తిన్నాను. ఎక్కువ తింటే అంకె పెరుగుతుందని భయం. పని మొదలుపెట్టిన కాసేపటికి వేళ్లు వణికాయి. చెమట కళ్లలోకి కారింది. పువ్వు రెండుగా కనిపించింది. సిస్టర్ చెప్పింది గుర్తొచ్చి, స్పిరిటు దూదితో వేలు తుడుచుకుని గుచ్చుకున్నాను.

నూట తొంభై ఆరు.

తక్కువ కాదు. ఎక్కువే. అయితే చక్కెర తీసుకోకూడదు.

ఓవెన్ అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు. "ముఖం పాలిపోయిందేంటమ్మా? ఇదుగో, కాస్త పంచదార నోట్లో వేసుకో" అంటూ నా బల్లమీదదే గుప్పెడు తీశాడు. నేను మూతి బిగించుకున్నాను. తల అడ్డంగా ఊపాను. అందరూ చూస్తున్నారు. ఒప్పుకున్న దొంగను కదా, అందరిముందూ ఎలా తినను? అంకె ఎక్కువుంది, బిడ్డకు చేరుతుంది, ఈసారి నా నోటినుంచి మాత్రం చేరకూడదు. అదే ఆలోచన, అది కూడా ముక్కలు ముక్కలుగా.

చుట్టూ బస్తాల చక్కెర. బల్లమీద, గాలిలో, నా కనురెప్పలమీద చక్కెర. అది ఒక్క చెంచా నోట్లోకి పోక నేను పోబోయాను.

కేకులు మోసే వ్యానులోనే తీసుకొచ్చారట. ఓనరమ్మ నా తల ఒళ్లో పెట్టుకుందట. పెళ్లివారి కేకు సంగతి ఎవరూ పట్టించుకోలేదట. ఇక్కడ నరంలోంచి రక్తం తీసి చూస్తే నలభై ఒకటి.

మార్చి 24

నిన్న రాస్తుండగానే కళ్లు మూతలు పడ్డాయి. అసలు సంగతి ఇవాళ రాస్తున్నాను.

శనివారం నాకు స్పృహ వచ్చేసరికి ఆయన నా మీటరు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు. ముఖంలో నెత్తురు చుక్క లేనట్టుంది.

"మీటరు పాడైంది. వేరేది కొనండి" అంటోంది డాక్టరమ్మ.

ఆయన ఒప్పుకోలేదు. తన వేలు గుచ్చుకున్నారు. తొంభై ఎనిమిది. క్లినిక్ మీటరుతో మళ్లీ గుచ్చుకున్నారు. తొంభై ఏడు. "మీటరు బాగానే ఉంది మేడమ్. మీటరు బాగుండి లెక్క తప్పుగా వస్తోందంటే, మీటరుకూ ఇంటికీ మధ్య ఏముందో చూడాలి. మేం అలాగే చూస్తాం."

"మధ్య ఏముంటుంది? వేలే కదా" అంది సిస్టర్.

అని, నా వేలు పట్టుకుని చూసింది. గోటి చుట్టూ గుచ్చిన మచ్చల్లో తెల్లగా పొడి ఉంది. సిస్టర్ ఏమనుకుందో, ఆ వేలు తన వేలితో రుద్ది, నాలుకమీద పెట్టుకుంది.

"పనిలో గుచ్చుకునేముందు చేతులు కడుక్కుంటున్నావా?"

"మేం కడగం సిస్టర్. స్పిరిటు దూదితో తుడుచుకుంటాం."

"స్పిరిటుకు క్రిములు చస్తాయి కానీ చక్కెర పోదమ్మా!" అరిచినంత పని చేసింది. "మొదటిరోజే చెప్పానే కడుక్కోమని!"

చెప్పింది. నాకు నవ్వొచ్చిందని రాసుకున్నాను కూడా.

ముందు కడగకుండా అలాగే వేలు గుచ్చి చూశారు. రెండొందల తొంభై. అదే వేలు సబ్బుతో కడిగి, తుడిచి గుచ్చి చూశారు. నూట నాలుగు. ఇవి రెండూ నా రక్తమే. మొదటిదాంట్లో నా పని కూడా కలిసింది.

ఆ అంకెలు చూసే మందు పెంచారు. లేని షుగరుకు మందు పొడుచుకున్నాను. ఉన్న షుగరు కాస్తా ఊడ్చిపెట్టుకుపోయింది. డాక్టరమ్మ తన కుర్చీలో వెనక్కి వాలి, "బిడ్డ బరువు చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నువ్వు తింటున్నానన్నావు కదా అని ఊరుకున్నాను" అంది.



మార్చి 26

ఇంటికొచ్చాం. అత్తయ్య మంచినీళ్లు తెచ్చిచ్చి నా ఎదురుగా కూలబడింది.

"అయితే నువ్వు నిజంగానే తినలేదా?"

"లేదత్తయ్యా."

"ఒక్కటంటే ఒక్కటి?"

"ఒక ఆదివారం సగం ముక్క."

"అయితే ఇన్నాళ్లూ ఈ ఇంట్లో దొంగను నేనొక్కదాన్నేనన్నమాట!" అంది. ఆ గొంతులో నిజంగానే దిగులు. తోడు దొరికిందని ఎంత ఆశపడిందో పాపం. సాయంత్రం చూస్తే సొరుగులో బొత్తాల డబ్బా కింద ఏమీ లేదు. చోటు మార్చిందో, మానేసిందో అడగలేదు.

ఆయన మాత్రం రోజంతా ఇంట్లో అటూ ఇటూ తిరిగారు. చివరికి వచ్చి నిలబడ్డారు.

"ఒక మాట. మీటరు అబద్ధం చెప్పలేదు. నీ వేలిమీద ఉన్నదే అది చెప్పింది."

ఒళ్లు మండిపోయింది. చావు తప్పి కన్ను లొట్టపోయి వస్తే, ఈయన మీటరు పరువు కాపాడుతున్నారు.

"అవును, మీటరు చెప్పలేదు. నేనే చెప్పాను అబద్ధం. తింటున్నానని."

"అదే అడుగుదామని వచ్చా. ఎందుకు ఒప్పుకున్నావ్?"

"అలిసిపోయాను."

ఇంకేదైనా ఉందేమోనని చూశారు. లేదు. అంతే ఉంది. తినలేదని చెప్పీ చెప్పీ అలిసిపోయాను. తిన్నానంటే ఒక్కసారి చెబితే సరిపోయింది.

ఆయన నేలమీద, నా కాళ్ల దగ్గర కూర్చుండిపోయారు. క్షమించమని అడగలేదు. ఆయనకు ఆ మాట నోటికి రాదు. నేను ఆయన తలమీద చెయ్యి వెయ్యలేదు. నాకూ చెయ్యి రాలేదు.

ఏప్రిల్ 5

ఇప్పుడు పొద్దున ఒక్కసారే మందు, అదీ కొంచెం. అన్నం, రొట్టె, పండు, అన్నీ కొలతగా తింటున్నాను. తిన్నాక కాసేపు నడుస్తున్నాను. షుగరు నిజంగానే ఉంది, అది మాయలో పుట్టింది, బిడ్డ పుట్టేదాకా ఉంటుంది. దాంతో నాకు పేచీ లేదు. ఉన్నదాన్ని మొయ్యడం వేరు, లేనిదాన్ని మొయ్యడం వేరు.

ఏప్రిల్ 13

దుకాణానికి వెళ్లొచ్చాను, ఊరికే. పెళ్లివారికి ఓనరమ్మ గులాబీలు తక్కువైన కేకే ఇచ్చిందట. వాళ్లు ఏమీ అనలేదట. నాకు కొంచెం బాధేసింది, అన్నా బాగుండేది.

నా బల్ల పక్కన చిన్న సింకు పెట్టించింది, సబ్బు, తువ్వాలుతో సహా. "నువ్వు తిరిగొచ్చాక వాడుకుందువు గానీ" అంది. చేతులు కడుక్కున్నాను. పూర్తిగా ఆరేదాకా నిలబడ్డాను. తర్వాత ఒక రేకు ఒత్తాను. కరగలేదు. ఇన్నేళ్లూ ఆరేదాకా ఆగే ఓపిక లేకనేనా కడుక్కోకుండా ఉన్నది?

ఏప్రిల్ 20

ఆయన రోజూ అడుగుతున్నారు. "ఎంతుంది?" అని మీటరు వైపు చూస్తూ. నేను చెబుతున్నాను. అంతకుమించి మాటలు లేవు.

ఏప్రిల్ 27

కాళ్లు వాచాయి. అలసట.

మే 3

నిన్న పొద్దున అమ్మాయి పుట్టింది. మామూలు కాన్పే. మామూలు బరువే. ఏడ్చింది. అంతా అయ్యాక నేనూ ఏడ్చాను.

నా ఒంట్లోంచి మాయ వెళ్లిపోయింది కదా, ఇక నాకు మందు అక్కర్లేదన్నారు. ఆరు వారాలకు ఇంకోసారి పరీక్ష. అమ్మాయికి మాత్రం షుగరు పడిపోయిందేమో చూడాలి. మడమమీద గుచ్చి చూస్తారట. సిస్టర్ మీటరు పట్టుకుని వచ్చింది, ఆ సూదుల సిస్టరే.

"ఒక్క నిమిషం" అన్నారాయన.

తడిగుడ్డ తెచ్చారు. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండి, ఆ కాలు, నా బొటనవేలంత కూడా లేని ఆ మడమ, మూడుసార్లు తుడిచారు. పొడిగుడ్డతో అద్దారు. ఊది ఆరబెట్టారు. సిస్టర్ నవ్వుకుంటూ ఓపిగ్గా నిలబడింది. "ఇక్కడ చక్కెర ఎవరు పూస్తారండీ?" అంది. ఆయన నవ్వలేదు.

గుచ్చారు. పిల్ల కెవ్వుమంది. సిస్టర్ మీటరు ఆయన చేతికే ఇచ్చింది. అంకె చూసి, "డెబ్బై రెండు. చాలా బాగుంది" అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లింది.

పిల్లను నా రొమ్ముకు పట్టించాను. ఏడుపు ఆపి పాలు లాగడం మొదలుపెట్టింది. ఆయన మంచం పక్కన నిలబడ్డారు. చేతిలో మీటరు ఇంకా వెలుగుతూనే ఉంది. అంకె స్పష్టంగా కనబడుతోంది. ఆయన దానివైపు చూడలేదు. నావైపు చూశారు.

"బాగానే ఉందంటావా?" అని అడిగారు.

పిల్ల ఒళ్లు వెచ్చగా ఉంది. పిడికిలి నా వేలిని గట్టిగా పట్టుకుంది. మింగుతున్న చప్పుడు నాకు వినిపిస్తోంది.

"బాగుంది" అన్నాను.

ఆయన మీటరు ఆపేసి కూర్చున్నారు.